మేస్త్రి చెయ్యి

ఆ ఆదివారం పొద్దున సామ్రాజ్యం పటమట రైతుబజారులో, పుచ్చకాయల బండి దగ్గర, తన మొగుణ్ణి ఒకేసారి ఏడుచోట్ల చూసింది.

మొగుడు మస్తాన్‌రావు నిజానికి ఇంట్లో గడ్డం గీసుకుంటున్నాడు. బండి చుట్టూ మూగింది మునిసిపల్ స్కూలు పదకొండో తరగతి పిల్లలు. నలుగురు మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. ఒక్కొక్కరూ ఒక్కో కాయ ముందు వంగి, కుడిచేతి నడిమివేలు మడిచి కణుపుతో మూడుసార్లు కొట్టి, ఎడమచెవి కాయవైపు వంచి, కుడికన్ను సగం మూసి వింటున్నారు. పెళ్ళయిన ముప్పై మూడేళ్ళుగా ఆమె ఇంట్లో కొబ్బరికాయకీ, నీళ్ళబిందెకీ, కొత్తగా కొన్న కుక్కరుకీ, ఆఖరికి మనవడి పాలడబ్బాకీ జరుగుతున్న పరీక్ష అదే.

బండివాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఏంది పిల్లలూ, పుచ్చకాయలక్కూడా టింకరింగ్ చేస్తన్నారా?"

సామ్రాజ్యం పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంటికెళ్ళి ఈ సంగతి ఎలా చెప్పాలో మనసులో అప్పుడే వరస పేర్చుకుంటోంది కూడా. అంతలో వాళ్ళలో చురుకైన పిల్ల కెజియా, తను ఎంచిన కాయని ఎత్తబోతూ కుడిభుజాన్ని చెవిదాకా ఒక్కసారి ఎగరేసి, అప్పుడు ఎత్తింది. పక్కనున్న పిల్లవాడూ అంతే. ఆ పక్కవాడూ అంతే.

సామ్రాజ్యం నవ్వు ఆగిపోయింది. తలుపు తట్టినట్టు కాయని తట్టడం మస్తాన్‌రావు పుట్టుకతో తెచ్చుకున్న అలవాటు. భుజం ఎగరేయడం అలాంటిది కాదు. అది ఎక్కణ్ణించి వచ్చిందో ఈ ప్రపంచంలో ఇద్దరికే తెలుసు.

మస్తాన్‌రావు ఆటోనగర్‌లో టింకరింగ్ మేస్త్రి. సొట్టపడిన లారీ క్యాబిన్లూ, నలిగిపోయిన కారు తలుపులూ సుత్తితో కొట్టి మళ్ళీ నున్నగా చేయడం ఆయన పని. కరెంటు లారీలొచ్చి ఆటోనగర్‌లో డీజిలు వాసన పోయి పదేళ్ళు దాటింది గానీ, రేకులకి సొట్టలు పడటం మాత్రం ఆగలేదు. రేకు వెనక ఎడమచేత్తో ఇనపదిమ్మె ఆనించి, ముందు కుడిచేత్తో సుత్తి ఆడిస్తే ఆయన చేతికింద సొట్ట సిగ్గుపడి తప్పుకున్నట్టుగా పోయేది. మిగతా మేస్త్రిలు రేకు సరిగా రాకపోతే పైన లప్పం మందంగా పట్టించి రంగు కొట్టించేస్తారు. మస్తాన్‌రావు చేసిన తలుపుకి లప్పం పెట్టాలంటే పెయింటరుకి చోటు దొరకదు.

రెండేళ్ళక్రితం స్కూలుకీ ఆటోనగర్ ఓనర్లకీ ఒప్పందం కుదిరింది. మంగళ, శుక్రవారాలు పిల్లలు షెడ్లలో పని నేర్చుకోవాలి. మిగతా రోజులు బడి. షెడ్డులో నేర్చిన పనికి బడిలో మార్కులు, చదువయ్యాక ఆ షెడ్డులోనే ఉద్యోగం. కాగితంమీద బాగానే ఉంది. మొదటి ఏడాది మాత్రం ఇరువైపులా సణుగుడుతోనే గడిచింది. పిల్లలచేత టీలు తెప్పిస్తున్నారని హెడ్‌మిస్ట్రెస్ ప్రమీలారాణి ఓనర్లమీద విసుక్కుంది. సుత్తి ఏ చివర పట్టుకోవాలో తెలియనివాళ్ళని పంపిస్తే టీలు కాక ఏం తెప్పించాలని షెడ్డు ఓనరు రంగబాబు అన్నాడు. మస్తాన్‌రావుకైతే చెప్పడమే రాదు. "చూడు" అని ఒక దెబ్బ కొట్టేవాడు. "చూశావా?" అని ఇంకోటి కొట్టేవాడు. ఆయనకి పని నేర్పిన మేస్త్రి ఆ రెండు ముక్కలు కూడా అనలేదట.

అప్పుడు కానూరు ఇంజనీరింగు కాలేజీనించి మాధురీలత అనే ఇంజనీరమ్మ ఒక తొడుగు పట్టుకొచ్చింది. భుజం దాకా వచ్చే బూడిదరంగు తొడుగు, లోపల వెంట్రుకకన్నా సన్నటి తీగెలు. పదకొండు రోజులు మస్తాన్‌రావు అది వేసుకునే పనిచేశాడు. ఏ దెబ్బకి ఏ నరం బిగిసిందో, ఎప్పుడు వదులైందో అది గుర్తుపెట్టుకుంది. పన్నెండోరోజు దాన్ని కెజియా చేతికి తొడిగారు. ఆ పిల్ల "అమ్మో, ఎవరో నా చేతిలోకి దూరారు" అని కిలకిలా నవ్వుతూనే సుత్తి ఎత్తింది. మూడువారాలయ్యేసరికి తొడుగు తీసేసినా చెయ్యి దానంతటదే ఆడసాగింది. అలాంటివే ఇంకో ఆరు తొడుగులు చేయించి మిగతా ఆరుగురికీ వేశారు. ఆరేళ్ళు పట్టే పని ఒక టర్మ్‌లో వచ్చేసింది. పిల్లలు దానికి మేస్త్రి చెయ్యి అని పేరు పెట్టుకున్నారు. చెవి వంచడం, కన్ను మూయడం కూడా ఎలా వచ్చాయో మాధురీలతకే అంతు పట్టలేదు. చెయ్యి తట్టగానే చెవి తనంతట తనే వంగుతోందని నవ్వేసి ఊరుకుంది.

ఊళ్ళో ఆ కబుర్లే. కెజియా వాళ్ళమ్మ సలోమి చర్చిలో సాక్ష్యం చెబుతూ తన కూతురు పళ్ళెంమీద మూడుసార్లు కొట్టిగానీ అన్నం తినడంలేదని చెప్పిందట. సగం చర్చి నవ్విందట, సగం చర్చి ఆమెన్ అందట. ఆ మాట విని మస్తాన్‌రావు వారంరోజులు ఛాతీ విరుచుకుని తిరిగాడు.

సామ్రాజ్యం బండి దగ్గర్నించి కెజియాని పక్కకి పిలిచింది. కాయ బాగా ఎంచావని మెచ్చుకుని, భుజం ఏమన్నా నొప్పెడుతోందా అని మామూలుగా అడిగినట్టు అడిగింది.

"కొంచెం లాగుద్ది పెద్దమ్మా. పొద్దున జడేసుకోటానికి చెయ్యి లేవదు," అంది కెజియా. "మేస్త్రిగారి చెయ్యి గదా, పెద్దది. నాకింకా సరిపోలా. వేసుకోంగా వేసుకోంగా అదే సరిపోద్దిలే."

అక్క పరికిణీ తొడుక్కున్న చెల్లెల్లా చెప్పింది ఆ మాట. సామ్రాజ్యానికి ఆ తర్వాత కూరలేం కొన్నదో గుర్తులేదు.

ఇరవై రెండేళ్ళ కిందట, షెడ్డులో ఎవరూ లేని ఒక రాత్రి, లారీ క్యాబిన్ తలుపు స్టాండుమీంచి జారి మస్తాన్‌రావు కుడిమణికట్టుమీద పడింది. ఎముక విరిగింది. అప్పటి ఓనరు రంగబాబు తండ్రి. మణికట్టు విరిగిన టింకరింగ్ మేస్త్రిని ఏ షెడ్డూ ఉంచుకోదని మొగుడూ పెళ్ళాం భయపడిపోయారు. తిరపతికి కాలినడకన వస్తానని మొక్కుందని చెప్పి మస్తాన్‌రావు సెలవు పెట్టాడు. అవనిగడ్డ దగ్గర ఒకాయనచేత కట్టు కట్టించుకుని నెలన్నర అక్కడే చుట్టాలింట్లో ఉన్నాడు. తిరిగొచ్చేముందు నమ్మకానికి గుండు కూడా కొట్టించుకున్నాడు. దేవుడి పేరుతో లడ్లు పంచడానికి మాత్రం సామ్రాజ్యానికి చేతులు రాక, రద్దీలో దొరకలేదని చెప్పి తప్పించుకుంది. ఆ పాపం పోవడానికి మరుసటేడు నిజంగానే వెళ్ళి మళ్ళీ గుండు కొట్టించుకొచ్చారు.

చెయ్యి మాత్రం మునుపటిలా తిరగలేదు. మణికట్టు తిప్పాల్సినచోట ఆయన భుజం ఎగరేసి దెబ్బ వేయడం మొదలుపెట్టాడు. రేకు నున్నగానే వచ్చింది. ఎవరూ పసిగట్టలేదు. సాయంత్రం ఇంటికొచ్చాక సామ్రాజ్యం రాళ్ళుప్పు వేయించి గుడ్డలో మూటకట్టి భుజానికి కాపడం పెడుతుంది. ఇరవై రెండేళ్ళలో ఒక్కరోజు తప్పలేదు.

ఆరోజు కాపడం పెడుతూ సంగతి చెప్పింది. మస్తాన్‌రావు ముందు నవ్వాడు, ఎదిగే పిల్లలకి ఒళ్ళునొప్పులు మామూలేనన్నాడు. ఆమె మూట తీసి పక్కన పెట్టేసింది. అప్పుడాయన, గురువారంనాడు హైదరాబాదునించి విద్యాశాఖ పెద్దవాళ్ళు వస్తున్నారనీ, వాళ్ళకి నచ్చితే తొడుగుల్లో తన చేతిని నాలుగొందల స్కూళ్ళకి పంపిస్తారనీ, ఇప్పుడు నోరెత్తితే పిల్లల ముందు దొంగలా నిలబడాలనీ అన్నాడు.

"ఇరవై రెండేళ్ళు దాచుకున్నదాన్ని నడిబజార్లో ఇప్పమంటావా?"

"నీ చెయ్యి నాలుగొందల బళ్ళకీ పోతే నాకంటే సంతోషించేదెవరయ్యా," అంది సామ్రాజ్యం. "దాంతోపాటు నీ నొప్పి కూడా పోవాలా? ఆ పిల్లలందరికీ కాపడం ఎవరు పెడతారు?"

ఆయన లేచి వెళ్ళి పళ్ళెం ముందు కూచున్నాడు. అన్నం కూడా పళ్ళెంమీద తట్టకుండానే తిన్నాడు.

సోమవారం పొద్దున్నే ఆమె స్కూలుకి వెళ్ళింది. హెడ్‌మిస్ట్రెస్ గదిలో మాధురీలత కూడా ఉంది. గురువారంనాటి పెద్దల కోసం ఇద్దరూ నివేదిక సరిచూసుకుంటున్నారు. సామ్రాజ్యం కుర్చీ అంచున కూచుని, లారీ తలుపు దగ్గర మొదలుపెట్టి రెండో గుండు దాకా ఏదీ వదలకుండా చెప్పింది. చెబుతున్నంతసేపూ మొగుణ్ణి ముక్కలుగా కోసి బల్లమీద పరుస్తున్నట్టే ఉంది ఆమెకి.

అంతా విని మాధురీలత గబగబా కాగితాలు తిరగేసింది. నివేదికలో ఏడో పేజీ తీసి చూపించింది. అందులో మస్తాన్‌రావు మణికట్టు కదలికల గీత బల్లలా చదునుగా ఉంది. దాని కిందే ఆమె తన చేత్తో రాసింది: "మణికట్టును నిశ్చలంగా ఉంచి భుజబలంతో కొట్టడమే ఈ మేస్త్రి నైపుణ్యంలోని రహస్యం."

"రెండు నెలలు దీనిమీదే పరిశోధన చేశానండీ," అందామె నీరసంగా.

ప్రమీలారాణి ఆ వాక్యం చదివింది. నవ్వకూడదని ఎంత ప్రయత్నించినా ఆపుకోలేకపోయింది. సామ్రాజ్యానికి కళ్ళనీళ్ళమధ్యే నవ్వొచ్చింది. చివరికి మాధురీలత కూడా తల పట్టుకుని నవ్వింది. ఆ తర్వాత పనులు చకచకా జరిగాయి. ప్రమీలారాణి గురువారంనాటి రాకని నెలరోజులు వాయిదా వేయించింది. తొడుగులన్నీ బీరువాలో పెట్టి తాళం వేసింది. ఏడుగురు పిల్లల్నీ ఆస్పత్రికి తీసుకెళ్ళి చూపిస్తే, కండరాలు అలిసిపోయాయి తప్ప ఏం చెడలేదనీ, పదిరోజులు సుత్తి ముట్టొద్దనీ డాక్టరు చెప్పాడు. వాళ్ళతోపాటే మస్తాన్‌రావుని కూడా బలవంతంగా ఎక్స్‌రే గదిలోకి తోశారు. డాక్టరు ఆ ఫోటోని వెలుతురుకి ఎత్తి చూసి, ఎముక ఎప్పుడో అతుక్కుపోయిందని, ఇరవయ్యేళ్ళుగా మణికట్టుకి ఏ లోపమూ లేదని, చెయ్యే భయపడటం మానలేదని అన్నాడు.

మస్తాన్‌రావు పెళ్ళాంతో రెండురోజులు మాట్లాడలేదు. మూడోరోజు షెడ్డుకి వెళ్ళాడు. రంగబాబు ఏమంటాడోనని ఇద్దరికీ భయంగానే ఉంది. రంగబాబు ఆయన్ని చూసి, "మా నాన్నకి చెప్పుంటే నిజంగా తీసేసేవాడు మేస్త్రీ. నాకు చెప్పుంటే పిల్లల భుజాలు మిగిలేవి," అన్నాడు. అంతే. తర్వాత టీ తెప్పించాడు. టీ తెచ్చింది పిల్లలు కాదు, రంగబాబే.

ఇంక పని నేర్పడం ఎలా అన్నది మిగిలింది. తొడుగు లేదు. మస్తాన్‌రావుకి చెప్పడం రాదు. విరగకముందు తన మణికట్టు ఎలా తిరిగేదో ఆయనకే గుర్తులేదు. పదిరోజుల విశ్రాంతి అయ్యాక పిల్లలు ఆయన చుట్టూ చేరి ఒకటే ప్రశ్నలు. సుత్తి ఎంత బిగించి పట్టుకోవాలి? ఎక్కడ వదలాలి? ఆయన చెమటలు కక్కుతూ, జీవితంలో మొదటిసారి మాటలు వెతుక్కున్నాడు. "పిచ్చికపిల్లని పట్టుకున్నట్టు పట్టుకో. ఎగిరిపోకూడదు, చావకూడదు," అన్నాడు ఒకసారి. అని తనే ఆశ్చర్యపోయాడు. కెజియా ఆ మాటని నోటుపుస్తకంలో రాసుకుంది.

ఒక మంగళవారం సామ్రాజ్యం క్యారియరు పట్టుకుని షెడ్డుకి వెళ్ళేసరికి పిల్లలు వరసగా రేకులు కొడుతున్నారు. ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అది కాదు," అంది.

అందరూ తిరిగి చూశారు. ఆమెకి సిగ్గేసింది. కొత్త కాపురం పెట్టినప్పుడు వాళ్ళ గది ఈ షెడ్డు వెనకాలే ఉండేది. కొత్తపెళ్ళికూతురికి అక్కడ వేరే కాలక్షేపం లేక, వంట చేస్తూ మొగుడి సుత్తి చప్పుడు వింటూ కూచునేది. పదకొండేళ్ళు విన్నది. అప్పట్లో పెద్ద దెబ్బ వెనకాలే చిన్న దెబ్బ ఒకటి వినపడేది, సుత్తి తనంతట తను ఎగిరి పడినట్టు. చెయ్యి విరిగాక ఆ చిన్న దెబ్బ పోయింది. ఆ సంగతి ఆమె ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోదగ్గ సంగతని అనుకోలేదు కూడా.

మస్తాన్‌రావు భార్యని ఎప్పుడూ చూడనట్టు చూశాడు. తర్వాత రంగబాబు గదిలోంచి మెత్త ఉన్న కుర్చీ తెచ్చి రేకుల మధ్యన వేశాడు.

ఆరోజునించి మంగళ, శుక్రవారాలు సామ్రాజ్యం షెడ్డులోనే. చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ వినడం, కాదు అనడం. పిల్లలు రకరకాలుగా ప్రయత్నించారు. ఒకడు బొటనవేలు పైకి పెట్టాడు, ఇంకొకడు సుత్తి కొస దాకా జారిపట్టుకున్నాడు. కాదు. కాదు. "పెద్దమ్మ నోట్లోంచి అవునన్న మాట వచ్చేలోపు మనకి పెళ్ళిళ్ళయిపోతాయిరా," అన్నాడొకడు. ఆమె ఆ మాటకి కూడా తలెత్తకుండా కాదంది. షెడ్డు గొల్లుమంది.

హైదరాబాదు పెద్దలు వచ్చేది శుక్రవారం. అంతకుముందు మంగళవారం మధ్యాహ్నం దాకా అవును అన్న మాట రాలేదు. మాధురీలత ఒక మూల కూచుని గోళ్ళు కొరుక్కుంటోంది. ఈసారి చూపించడానికి ఏమీ లేకపోతే ఒప్పందం రద్దయ్యి, పిల్లల మార్కులూ ఉద్యోగాలూ గాలికి పోతాయి. మస్తాన్‌రావు ఎవరిమీదా కేకలేయడం మానేసి చాలాసేపైంది.

కెజియా ఒక వ్యాను తలుపుమీద పనిచేస్తోంది. విసిగిపోయి ఉంది. పక్కనున్న పిల్లతో ఏదో సినిమా గురించి గొడవపడుతూ, చేతి సంగతే మరిచిపోయి దెబ్బ వేసింది.

ఠంగ్. వెనకే చిన్నగా, టిక్.

సామ్రాజ్యం చేతిలోని చిక్కుడుకాయ కింద పడింది. అవును అనడానికి ఆమె నోరు తెరిచింది గానీ మాట రాలేదు. ముప్పై మూడేళ్ళ కిందటి వంటగది, స్టవ్వుమీద పాలు, గోడ అవతల పాతికేళ్ళ మనిషి, అన్నీ ఒక్కసారి మీదికొచ్చాయి. కెజియా ఆమె మొహం చూసి ఏదో తప్పు చేశాననుకుంది.

"మళ్ళీ కొట్టవే తల్లీ," అంది సామ్రాజ్యం.

కెజియా మళ్ళీ కొట్టింది. ఠంగ్, టిక్. మస్తాన్‌రావు పరుగున వచ్చి రేకుమీద అరచెయ్యి పెట్టి పైనించి కిందకి నెమ్మదిగా జరిపాడు. కళ్ళు మూసుకుని మళ్ళీ జరిపాడు. పెయింటరుని కేకేసి లప్పం డబ్బా అవతల పెట్టేయమన్నాడు. కెజియా పట్టు ఎక్కడ వదిలిందో ఒకరికొకరు చూపించుకుంటూ కొడితే, సాయంత్రానికి ఆ చిన్న దెబ్బ ఏడుగురి చేతుల్లోనూ పలికింది. షెడ్డంతా ఒక పెద్ద గడియారంలా టిక్కుటిక్కుమంటుంటే పక్క షెడ్ల మేస్త్రిలు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

శుక్రవారం పెద్దలు వచ్చారు. ప్రమీలారాణి వాళ్ళకి ఏదీ దాచలేదు, ఏడో పేజీ కూడా చూపించింది. ఇకముందు ఏ మేస్త్రి చేతిని ఎక్కించాలన్నా ముందు డాక్టరు చూడాలి, తర్వాత ఆ మేస్త్రి నోటితో కూడా చెప్పాలి, ఏ పిల్ల చెయ్యీ తొడుగులో మూడువారాలకి మించి ఉండకూడదు అని షరతులు రాసుకుని ఒప్పందాన్ని ఇంకో ఐదేళ్ళు పొడిగించారు. కెజియా భుజం ఎగరేయకుండా రెండు చేతులతో జడ విప్పి మళ్ళీ అల్లి చూపించింది. వాళ్ళు అడగలేదు, తనే చూపించింది.

నాలుగొందల బళ్ళకీ పంపడానికి మాధురీలత ఈసారి కెజియా చేతిని తొడుగులోకి ఎక్కించింది. ఆ పని అయిన సాయంత్రం అందరూ స్కూలు వరండాలో మిరపకాయ బజ్జీలు తింటుంటే, మస్తాన్‌రావు మాధురీలత పక్కకి చేరి గొంతు తగ్గించి ఏదో అడిగాడు. ఆమె అర్థంకాక మళ్ళీ అడగమంది. ఆయన ఇంకా తగ్గించి అడిగాడు.

తను ఒకసారి ఆ పిల్ల చెయ్యి తొడుక్కోవచ్చా అని.

మాధురీలత ఆయన్నీ, తొడుగునీ చూసి, ప్రమీలారాణి వైపు తిరిగింది. నిబంధన ప్రకారం అప్రెంటిసుగా రిజిస్టరులో పేరున్నవాళ్ళే తొడుగు వేసుకోవాలి. మేస్త్రి అయితే తన చెయ్యి ఎక్కించడానికి తప్ప వేసుకోవడానికి లేదు. ప్రమీలారాణి బజ్జీ చేతిని తుడుచుకుని లోపలికి వెళ్ళి రిజిస్టరు పట్టుకొచ్చింది. ఎనిమిదో నంబరు దగ్గర "ముప్పవరపు మస్తాన్‌రావు" అని గుండ్రటి అక్షరాలతో రాసింది. వయసు దగ్గర యాభై ఎనిమిది. నేర్పువారు దగ్గర కెజియా. కెజియాకి బజ్జీ పొరబోతే పక్కపిల్ల ఆమె వీపుమీద చరచాల్సొచ్చింది. ఓనరు సంతకం రంగబాబు పెట్టాడు, బడి సంతకం ప్రమీలారాణి పెట్టింది.

"ఇంకో గడి ఉంది," అంది ప్రమీలారాణి, రిజిస్టరు సామ్రాజ్యం వైపు తిప్పి. "సంరక్షకుల సంతకం."

సామ్రాజ్యం కలం అందుకుంది. మొగుడి వైపు చూసింది. ఆయన చొక్కా కుడిచెయ్యి భుజందాకా మడిచి, మాధురీలత ముందు బుద్ధిగా చెయ్యి చాపి నిలబడి ఉన్నాడు. 

"మీవాడు రోజూ టయానికి రావాలమ్మా," అంది కెజియా, వీలైనంత గంభీరంగా. "మంగళవారం, శుక్రవారం. టీలు గూడా తేవాలి."

"పంపిస్తా టీచరుగారూ," అని సామ్రాజ్యం తన పేరు పొడుగ్గా, ఒక్క అక్షరం కూడా ముడవకుండా రాసింది.